చెట్టు కింద ప్లీడరు: న్యాయవాద వృత్తి ప్రవేశం, సామాజిక నేపథ్యం – గండికోట సీమ నుంచి ఒక సాహిత్య పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు సాహిత్యంలో న్యాయవాది పాత్రలు విరివిగా కనిపిస్తాయి. విమర్శ ఈ పాత్రలను ఎక్కువగా నీతి కొలతతో చూసింది: ఉదారుడైన వకీలు, డబ్బు మనిషి అయిన వకీలు అని వర్గీకరించింది. ఆ వ్యక్తి వకీలు ఎలా కాగలిగాడు, అతని వెనుక ఏ ఇల్లు, ఏ కులం, ఎవరి ఆఫీసు గది ఉన్నాయి అన్న ప్రశ్నకు తగిన చోటు దక్కలేదు. ఈ వ్యాసం గురజాడ 'కన్యాశుల్కం', రాచకొండ విశ్వనాథశాస్త్రి 'మాయ' కథ, బొజ్జా తారకం రచనా జీవితం ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలతో కూడిన గండికోట సీమను ఈ పరిశీలనకు భూమికగా తీసుకుంటుంది. పట్టా కన్నా, పట్టా వచ్చిన తరువాత సంపాదన లేకుండా నిలబడగల శక్తే వృత్తిలో ఎవరుండాలో నిర్ణయిస్తున్నదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: న్యాయవాద వృత్తి, సామాజిక నేపథ్యం, గండికోట సీమ, కన్యాశుల్కం, రావిశాస్త్రి, బొజ్జా తారకం, మొదటి తరం న్యాయవాది.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'చెట్టు కింద ప్లీడరు' అనే మాట ఉంది. కేసులు లేని, కూర్చోవడానికి గది లేని, కోర్టు ఆవరణలోని చెట్టు నీడలో కక్షిదారు కోసం ఎదురుచూసే న్యాయవాదిని ఆ మాట సూచిస్తుంది. వంశీ దర్శకత్వంలో రాజేంద్రప్రసాద్ కథానాయకుడిగా 1989లో వచ్చిన హాస్యచిత్రానికి ఇదే పేరు. ఈ మాట వినగానే నవ్వు వస్తుంది. అయితే ఆ నవ్వు ఎవరి మీద అన్నది ఆలోచించవలసిన విషయం. తండ్రి గానీ, తాత గానీ, మామ గానీ వకీలైన యువకుడు చెట్టు కింద కూర్చోవలసిన అవసరం రాదు. అతనికి మొదటిరోజు నుంచే గది, గుమాస్తా, పుస్తకాల బీరువా, పాత కక్షిదారులు ఉంటారు. చెట్టు కింద మిగిలేది ప్రధానంగా ఆ ఇంటి నుంచి మొదటిసారి నల్లకోటు తొడుక్కున్నవాడు. అసమర్థతకు పర్యాయపదంగా వాడుకలో స్థిరపడిన ఈ పలుకుబడి నిజానికి ఒక సామాజిక స్థితిని వర్ణిస్తున్నది. వాడుకలో జరిగిన ఈ పొరపాటే సాహిత్య విమర్శలోనూ జరిగిందా అన్నది ఈ వ్యాసం ప్రధాన ప్రశ్న.

2. గండికోట సీమ: కరణం, మునసబు, వకీలు

పెన్న లోయ అంచున నిలిచిన గండికోట పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ప్రసిద్ధి పొందింది. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దానిని వశం చేసుకున్నాడు. తరువాత కడప నవాబుల కాలం, మైసూరు పాలకుల కాలం గడిచి 1800లో ఈ ప్రాంతం దత్తమండలాల్లో భాగంగా కంపెనీ చేతికి వచ్చింది. ఈ రాజకీయ పరంపర ప్రజల న్యాయభాషలో నిలిచిపోయింది. వకీలు, దావా, ఫిర్యాదు, ముద్దాయి, వాయిదా, జప్తు వంటి మాటలు పారశీ, అరబీ మూలాల నుంచి పాలనా వ్యవహారం ద్వారా తెలుగులోకి వచ్చాయి. ప్లీడరు, లాయరు, బెయిలు, స్టే వంటివి ఇంగ్లీషు పాలనతో చేరాయి. సామాన్యుడికి న్యాయం ఎప్పుడూ పరాయి మాటలోనే వినిపించింది. ఆ మాటలకు అర్థం చెప్పగలవారు మధ్యవర్తులయ్యారు.

గ్రామస్థాయిలో ఆ మధ్యవర్తిత్వం వంశపారంపర్యంగా సాగింది. లెక్క, దస్త్రం కరణం ఇంట్లో ఉండేవి. కరణీకం ప్రధానంగా బ్రాహ్మణ కుటుంబాలది. మునసబు పదవి ఈ సీమలో ఎక్కువగా భూమి ఉన్న రెడ్డి కుటుంబాలది. మద్రాసు గ్రామ న్యాయస్థానాల చట్టం, 1889 ప్రకారం గ్రామ మునసబుకు చిన్నపాటి సొమ్ము తగాదాలు విచారించే అధికారం కూడా దఖలుపడింది. అంటే రాత ఒక ఇంట, తీర్పు మరొక ఇంట స్థిరపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వంశపారంపర్య గ్రామోద్యోగాలు 1984లో రద్దయ్యే వరకు దస్త్రానికీ, తగువుకూ ఉన్న ఈ కుటుంబ బంధం ఏదో ఒక రూపంలో కొనసాగింది. ఇంగ్లీషు న్యాయస్థానాలు వచ్చినప్పుడు వాటిలో వాదించే వృత్తికి సిద్ధంగా ఉన్నవి కూడా ఈ ఇళ్ళే. లండన్‌లో బారిస్టరు చదివి, కడపలో వృత్తి సాగించి, తరువాత మంత్రి పదవి చేపట్టిన కడప కోటిరెడ్డి జీవితం ఆ కాలపు దారిని చూపుతుంది: భూమి నుంచి చదువుకు, చదువు నుంచి కోర్టుకు, కోర్టు నుంచి శాసనసభకు.

దూరం కూడా నేపథ్యంలో భాగమే. 1891లో ఏర్పడిన మద్రాసు లా కళాశాల చాలాకాలం తెలుగువారికి న్యాయవిద్యా కేంద్రంగా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయ కళాశాల 1945లో వచ్చింది. ఉన్నత న్యాయస్థానం విషయమూ అంతే. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక రాజధాని, హైకోర్టులలో ఒకదానిని కోరుకునే హక్కు రాయలసీమకు ఇచ్చింది. 1953లో కర్నూలు రాజధాని అయింది. హైకోర్టు 1954లో గుంటూరులో ఏర్పడింది. 1956లో రాజధానీ, హైకోర్టూ రెండూ హైదరాబాదుకు చేరాయి. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతి కేంద్రంగా పనిచేస్తున్నది. జమ్మలమడుగులో చదువుకున్న యువ న్యాయవాదికి హైకోర్టు ఎప్పుడూ మరొక ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకోవలసిన సంగతిగానే ఉంది. ఈ చరిత్రను దృష్టిలో పెట్టుకుని సాహిత్య పాఠాలలోకి వెళితే వాటిలో ఇంతవరకు పట్టించుకోని కొన్ని అంశాలు కనిపిస్తాయి.

3. కన్యాశుల్కం: మారువేషంలో వచ్చిన న్యాయజ్ఞానం

1897లో అచ్చయి, 1909లో విస్తృతమైన రెండవ కూర్పుగా వచ్చిన 'కన్యాశుల్కం' సంఘసంస్కరణ నాటకంగా, వ్యావహారిక భాషా ప్రతిష్ఠాపకంగా చదవబడింది. అది న్యాయవాద వృత్తిలోని అంతరువులను చూపిన నాటకం కూడా. సంస్కర్త, పలుకుబడి ఉన్న వకీలు సౌజన్యారావు పంతులు ఒక కొసన ఉన్నాడు. భీమారావు పంతులు వంటి వృత్తి న్యాయవాది మధ్యన ఉన్నాడు. ప్రైవేటు వకీలు నాయుడు కింది మెట్టు మీద ఉన్నాడు. కోర్టు ఖర్చుల్లో కూరుకుపోయిన అగ్నిహోత్రావధానులు వీరిలో కింది మెట్లవారికి పోషకుడు. పైమెట్ల మీది ఇద్దరి పేర్ల చివర 'పంతులు' ఉండటమూ, అనుమతి లేని వకీలు పేరు 'నాయుడు' కావడమూ కాకతాళీయమని తోసిపుచ్చలేం. ఆనాటి ఉత్తర సర్కారుల కోర్టుల్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో గురజాడ పేర్లతోనే గుర్తు పెట్టాడు. గిరీశం ఏ పరీక్షా పూర్తి చేయకపోయినా, ఇంగ్లీషు వచ్చినవాడన్న ఒక్క కారణంతో అవధాన్ల ఇంట చోటు సంపాదించుకోగలిగాడు. ఇంగ్లీషు జ్ఞానానికి ఉన్న మారకపు విలువ ఇక్కడ స్పష్టం.

నాటకం చివరి అంకంలో అసలు విషయం బయటపడుతుంది. లుబ్ధావధానులు పెళ్ళాడిన 'పిల్ల' మాయమైంది. అతని మీద హత్యానుమానం పడింది. ఆ పిల్ల ఆడపిల్ల వేషంలోని కరటకశాస్త్రి శిష్యుడన్న నిజమే కేసును విడదీయగలదు. ఆ నిజం మధురవాణికి తెలుసు. దానిని ఎప్పుడు, ఎవరికి, ఏ షరతు మీద వెల్లడించాలో కూడా ఆమెకే తెలుసు. సాక్ష్యం విలువను, సమయాన్ని, ఎదుటి పక్షం మనస్తత్వాన్ని అంచనా వేయగల నేర్పు న్యాయవాదికి ఉండవలసిన ముఖ్య లక్షణమైతే, నాటకంలో ఆ లక్షణం నిండుగా ఉన్నది మధురవాణిలో. అయితే వేశ్యను గడప తొక్కనీయనని నియమం పెట్టుకున్న సౌజన్యారావు పంతులు గదిలోకి ఆమె రావడానికి పురుషవేషం వేసుకోవలసి వచ్చింది.

ఈ సన్నివేశాన్ని విమర్శ సాధారణంగా మధురవాణి చాతుర్యానికీ, సౌజన్యారావు సంస్కరణవాదపు పరిమితికీ నిదర్శనంగా చదివింది. దానికి మరొక కోణం జోడించవలసి ఉంది. 1909 నాటికి భారతదేశంలో స్త్రీ ఏ న్యాయస్థానంలోనూ హక్కుగా వాదించే వీలు లేదు. ఆ అనర్హతను తొలగించిన చట్టం 1923లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తిగా కె. అమరేశ్వరి నియమితురాలైంది 1978లో. మధురవాణికి కులం, వృత్తి, లింగం మూడూ అడ్డే. కేసును గెలిపించే జ్ఞానం గుమ్మం బయట ఉంది, వాదించే హక్కు గుమ్మం లోపల ఉంది. ఈ రెంటి నడుమ ఉన్న దూరాన్ని గురజాడ ఒక మారువేషంతో చూపాడు. సౌజన్యారావు మంచివాడా కాదా అన్న చర్చలో ఈ దూరం మరుగున పడింది. అతడు ఎంత మంచివాడైనా గుమ్మం గుమ్మంగానే ఉంది.

4. 'మాయ': కక్షిదారు దగ్గర జూనియరు పాఠం

రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు' మద్యనిషేధ చట్టం పేదవాడల్లో ఎలా పనిచేసిందో చూపిన కథలు. వాటిలో 'మాయ' కథలో కోర్టుకు కొత్తగా వచ్చిన యువ న్యాయవాది ఉన్నాడు. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ అతని కక్షిదారు. పుస్తకాల్లో చదివిన చట్టానికీ, పోలీసు ఠాణా నుంచి కోర్టు దాకా నడిచే చట్టానికీ ఉన్న తేడాను ఆమె మాటలే అతనికి విప్పి చెబుతాయి.

ఈ కథ మీద వచ్చిన ప్రశంస అంతా ముత్యాలమ్మ గొంతు చుట్టూ తిరిగింది. అది న్యాయమే. ఉత్తరాంధ్ర పలుకుబడికి అంత గౌరవం దక్కిన కథలు తక్కువ. అయినా కథలోని యువ ప్లీడరును వృత్తిలో ప్రవేశించినవాడిగా చూస్తే ఇంకొక ప్రశ్న ఎదురవుతుంది. నేర్చుకోవడానికి అతనికి సమయం ఉంది. తొలి కేసుల్లో వచ్చే ఆదాయం మీదే ఇల్లు గడవవలసిన ఒత్తిడి కథను నడిపించదు. అందువల్లనే ముత్యాలమ్మ మాటలకు అతడు చలించగలిగాడు. చలించడానికి కూడా కొంత వెసులుబాటు కావాలి. రేపటి బియ్యానికి ఈరోజు ఫీజు అవసరమైనవాడు అదే మాటలు విని ఏమయ్యేవాడన్నది కథ అడగని ప్రశ్న.

రచయిత జీవితం ఈ పరిశీలనను బలపరుస్తుంది. రావిశాస్త్రి న్యాయవాద వృత్తిలోని మెళకువలను తాతగారి వద్ద నేర్చుకుని 1950లో విశాఖపట్నంలో సొంతంగా ప్రాక్టీసు ప్రారంభించారు. ఆ కోర్టు అనుభవం లేకుండా తెలుగుకు 'ఆరు సారా కథలు' లేవు. ఆ అనుభవానికి ద్వారం తెరిచింది తాతగారి ఆఫీసు. దీనిని చెప్పడం రావిశాస్త్రి చిత్తశుద్ధిని శంకించడం కాదు. పేదల పక్షాన నిలిచిన గొప్ప రచన కూడా కుటుంబం ఇచ్చిన ఒక వనరు మీద ఆధారపడి పుట్టిందని గుర్తించడం మాత్రమే. ముత్యాలమ్మ కొడుకో, కూతురో ప్లీడరైతే ఆ కోర్టు కథ ఏ గొంతుతో వచ్చేదో ఊహించడానికి ఈ గుర్తింపు అవసరం.

5. గుమ్మం దాటినవారు

ఆ ఊహకు తెలుగు సాహిత్య చరిత్రలో దగ్గరగా వచ్చే ఉదాహరణ బొజ్జా తారకం (1939–2016). తూర్పు గోదావరి జిల్లా కందికుప్పలో దళిత కుటుంబంలో పుట్టి న్యాయవాదిగా, కవిగా, ఉద్యమకారుడిగా ఎదిగిన వ్యక్తి ఆయన. 'నది పుట్టిన గొంతుక' కవితాసంపుటిని ఒక చేత్తో, 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకాన్ని మరొక చేత్తో ఇచ్చారు. ఈ రెండవ పుస్తకాన్ని సాహిత్య విమర్శ సహజంగా పక్కన పెడుతుంది. దానిని 'మాయ' కథ పక్కన ఉంచి చదవడం ప్రయోజనకరం. 'మాయ'లో కక్షిదారు న్యాయవాదికి బోధిస్తుంది. తారకం పుస్తకంలో న్యాయవాది కక్షిదారుకు చట్టాన్ని తెలుగులో అప్పగిస్తాడు. తన వృత్తికి ప్రత్యేక విలువ తెచ్చే రహస్యాన్ని తానే బయటపెట్టే పని అది. గుమ్మం బయటి నుంచి లోపలికి వచ్చినవాడికి ఆ గుమ్మాన్ని వెడల్పు చేయాలన్న తపన ఎలా ఉంటుందో ఈ పుస్తకం రూపమే చెబుతుంది.

తారకం కూడా ఏ ఆధారమూ లేకుండా వచ్చినవారు కాదు. తండ్రి బొజ్జా అప్పలస్వామి అంబేడ్కర్ ఉద్యమంలో పనిచేసి శాసనసభకు ఎన్నికైన నాయకుడు. ధనం ఇవ్వలేని అండను ఇక్కడ ఉద్యమం ఇచ్చింది. అంబేడ్కర్ జీవితంలోనూ ఇటువంటి పరిస్థితే కనిపిస్తుంది. 1923లో బారిస్టరుగా బొంబాయికి తిరిగివచ్చిన ఆయనకు వృత్తి ప్రారంభానికి స్నేహితుడి ఆర్థిక సహాయం అవసరమైంది. కేసులు పంపే సొలిసిటర్ల ఆదరణ అందలేదు. విదేశీ డాక్టరేట్లు ఉన్న మేధావికే ఆ స్థితి అయితే, తాలూకా కేంద్రంలో పట్టా పుచ్చుకున్న మొదటి తరం యువకుడి స్థితి వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. నేపథ్యమే సర్వస్వమైతే కె. బాలగోపాల్ (1952–2009) వంటివారిని ఎలా వివరించాలి? బళ్ళారిలో పుట్టి, గణితశాస్త్ర అధ్యాపకుడిగా పనిచేసి, నడివయసులో న్యాయవాదిగా మారి, రైతులు, ఆదివాసులు, ఖైదీల తరఫున వాదించిన ఆయన జీవితం పుట్టుక మనిషి పక్షాన్ని నిర్ణయించదని రుజువు చేస్తుంది. ఆక్షేపణ సరైనదే. అయితే అది వేరొక ప్రశ్నకు సమాధానం. పక్షం ఎంచుకోవడం వ్యక్తి చేతిలో ఉంది. ప్రవేశం దొరకడం వ్యక్తి చేతిలో మాత్రమే లేదు. పేదల కోసం వాదించే న్యాయవాదులు ఉండటమూ, పేదల ఇళ్ళ నుంచి న్యాయవాదులు రావడమూ వేర్వేరు విషయాలు. విమర్శ మొదటిదాన్ని చూసి రెండవదాని లోటును మరచిపోయే ప్రమాదం ఉంది.

6. నిరీక్షణ ఖరీదు

వర్తమానంలో ఈ లోటు ఏ రూపంలో ఉందో చూడవలసి ఉంది. న్యాయవాదుల చట్టం, 1961 బారిస్టరు, వకీలు, ప్లీడరు అన్న పాత తరగతుల్ని తొలగించి 'అడ్వకేటు' అనే ఒకే తరగతిని ఏర్పరచింది. చట్టం దృష్టిలో అందరూ సమానులే. ఆచరణలో నమోదు రుసుమే ఒక అడ్డంకి అయింది. చట్టం నిర్ణయించిన మొత్తానికి మించి పలు రాష్ట్రాల బార్ కౌన్సిళ్ళు వేల రూపాయలు వసూలు చేశాయి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో సాధారణ అభ్యర్థుల నుంచి 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థుల నుంచి 125 రూపాయలు మించి తీసుకోరాదని స్పష్టం చేసింది. అధిక రుసుము బలహీన వర్గాలను వృత్తికి దూరం చేస్తుందని ఆ తీర్పు గుర్తించింది.

రుసుము ఒక్కసారి చెల్లించేది. నిరీక్షణ నెలనెలా చెల్లించేది. సీనియరు దగ్గర చేరిన జూనియరుకు నిర్ణీత వేతనం లేదు. ఫైళ్ళు మోయడం, వాయిదాలు రాసుకోవడం, టైపు చేయించడం, పెద్దవారు వాదిస్తుంటే వినడం అతని పని. ఈ అవస్థను గుర్తించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 'లా నేస్తం' పేరుతో జూనియర్లకు తొలి మూడేళ్ళు నెలకు 5,000 రూపాయల భృతి పథకాన్ని తెచ్చింది. కిందిస్థాయి సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి అన్న పాత నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20న పునరుద్ధరించింది. కోర్టు అనుభవం లేని న్యాయమూర్తి వల్ల కలిగే ఇబ్బందులు ఈ నిబంధనకు కారణం. ఆ కారణం బలమైనదే. దాని ఫలితం మాత్రం అందరి మీదా ఒకేలా పడదు. తండ్రి ఆఫీసులో గడిచే మూడేళ్ళు శిక్షణ. ఊళ్ళో అప్పు చేసి చదివినవాడికి అవే మూడేళ్ళు వడ్డీ. ఇల్లు పెళ్ళి గురించి తొందరపెట్టే యువతికి ఆ గడువు ఇంకా బరువైనది.

పైస్థాయిలో కనిపించే ఏకరూపతకు మూలం ఇక్కడే ఉంది. 2018 తరువాతి సంవత్సరాల్లో నియమితులైన హైకోర్టు న్యాయమూర్తుల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మంది సాధారణ వర్గాలవారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. హైకోర్టు న్యాయమూర్తి పదవికి న్యాయవాదిగా కనీసం పదేళ్ళ అనుభవం ఒక అర్హత. తొలి మూడేళ్ళలో వృత్తి వదిలి ప్రైవేటు ఉద్యోగానికో, సచివాలయ పరీక్షలకో మళ్ళినవారు ఆ పదేళ్ళ జాబితాలో ఉండే అవకాశమే లేదు.

గండికోట సీమలో ఈ విషయానికి ప్రత్యేకమైన తీవ్రత ఉంది. గాలేరు–నగరి పథకంలో భాగంగా 26.85 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన గండికోట జలాశయం కింద తాళ్ళప్రొద్దుటూరు మొదలైన గ్రామాలు మునిగాయి. భూసేకరణ పరిహారం, పునరావాసం, పట్టాలో పేరు, వారసత్వ ధ్రువపత్రం అన్నీ చట్టంతో ముడిపడిన సంగతులే. ఆ కుటుంబాలకు కావలసిన న్యాయవాది మునిగిన ఊరి సరిహద్దు రాళ్ళు తెలిసినవాడు, అనుభవంలో ఉన్న భూమికీ కాగితంలోని భూమికీ తేడా తెలిసినవాడు. మధురవాణికి ఉన్నటువంటి బయటి జ్ఞానం అది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కోర్టుల్లో అటువంటి ఇంటి నుంచి వచ్చినవాడు నిలదొక్కుకోగలిగితే లాభపడేది అతనొక్కడే కాదు. వృత్తిలో వైవిధ్యం అన్నది పదవుల పంపకంగా కాక, కోర్టుకు చేరే వాస్తవాల నాణ్యతగా చూడవలసిన కారణం ఇదే.

7. సీమ కథ వదిలేసిన పాత్ర

ఈ సీమ సాహిత్యం కోర్టును ఎరుగనిది కాదు. కడప జిల్లా రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి 1974లో వెలువరించిన కథాసంపుటి పేరే 'జప్తు'. కోర్టు మాట రైతు బతుకు మాటగా మారిన తీరుకు ఆ శీర్షిక ఒక్కటి చాలు. కరువు, నీళ్ళు, అప్పు, ముఠాకక్షలు ప్రధాన వస్తువులైన సీమ కథలో న్యాయస్థానం ప్రధానంగా కక్షిదారు కంటితో కనిపిస్తుంది: పైరును వదిలి వెళ్ళవలసిన వాయిదా, అమ్ముకోవలసిన ఎకరం, జామీనుకు వెతకవలసిన మనిషి. ఆ చూపు విలువైనదే. దానికి ఎదురుగా ఉండవలసిన రెండవ చూపు, అంటే అదే రైతు బిడ్డ నల్లకోటుతో ఆ కోర్టు వరండాలో నిలబడి చూసే చూపు, కథావస్తువుగా స్థిరపడలేదు.

పులివెందుల ప్రాంతపు పైడిపాలెంలో పుట్టిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి 'సంవేదన' పత్రిక ద్వారా, 'సారస్వత వివేచన' వ్యాసాల ద్వారా తెలుగు విమర్శకు నిక్కచ్చితనం నేర్పారు. రచన జీవితంతో ఎంత నిజాయితీగా ఉందని ప్రశ్నించే సంప్రదాయం ఈ సీమదే. ఆ ప్రశ్నను వృత్తి పాత్రలకు విస్తరింపజేస్తే విమర్శకు కొత్త పని దొరుకుతుంది. పాత్ర మంచిదా చెడ్డదా అని అడగడానికి ముందు ఆ పాత్ర ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎవరు ఖర్చు భరించారని అడగాలి. న్యాయవాది పాత్రకే కాక వైద్యుడు, అధ్యాపకుడు, పాత్రికేయుడు వంటి పాత్రలకు కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగు సాహిత్యం న్యాయజ్ఞానం వృత్తి బయట కూడా ఉందని మధురవాణి, ముత్యాలమ్మ పాత్రల ద్వారా తొలినుంచీ చెబుతున్నది. ఆ జ్ఞానం లోపలికి రావడానికి ఉన్న అడ్డంకులను విమర్శ తగినంతగా చదవలేదు. రెండవది, చట్టం పరీక్షను, పట్టాను, రుసుమును క్రమంగా అందుబాటులోకి తెచ్చినా, సంపాదన లేని తొలి సంవత్సరాల భారం కుటుంబ నేపథ్యానికే వదిలివేయబడింది. మూడవది, గండికోట సీమ వంటి ప్రాంతాల్లో కరణం, మునసబు కాలం నుంచి సాగుతున్న రాత–తీర్పుల కుటుంబ బంధాన్ని మొదటి తరం న్యాయవాది మాత్రమే నిజంగా మార్చగలడు. అతని జీవితం కథగా, నవలగా, ఆత్మకథగా రావలసి ఉంది.

ప్రాంతీయ సాహిత్యం మీద పనిచేసే పరిశోధకులకు ఇక్కడ స్పష్టమైన అవకాశం ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కోర్టుల మొదటి తరం న్యాయవాదుల మౌఖిక చరిత్రలను వారి మాటల్లోనే సేకరిస్తే అవి రేపటి రచనలకు ముడిసరుకు అవుతాయి. ఆ పని జరిగే వరకు 'చెట్టు కింద ప్లీడరు' అన్న మాటను హాస్యంగా వాడే ముందు, ఆ చెట్టు కింద నిలబడినవాడికి కోర్టు భవనంలో గది ఎందుకు లేకపోయిందని అడగవలసిన బాధ్యత విమర్శ మీద ఉంది.